ఢిల్లీ కాయ

గన్నవరం నుంచి ఢిల్లీకి ఆకాశంలో పద్నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువట. రెండున్నర గంటల ప్రయాణం. మా ఇంట్లో మాత్రం ఆ దూరాన్ని మామిడికాయతో కొలిచేవాళ్లం.

నాన్న గన్నవరం దగ్గర నున్నలో మామిడికాయల వ్యాపారం చేసేవాడు. రసం కాయను అరచేతిలో పెట్టుకుని, ముచ్చిక దగ్గర బొటనవేలితో మెల్లిగా నొక్కి, "ఇది హైదరాబాదు కాయ, ఇది ఢిల్లీ కాయ" అంటూ వేరు చేసేవాడు. అవి రెండు జాతులని చాలాకాలం నమ్మాను. స్కూల్లో వాదించి పరువు కూడా పోగొట్టుకున్నాను. ఢిల్లీ కాయంటే ఢిల్లీలో రైలు దిగేసరికి సరిగ్గా పండే కాయ, అంతే.

అక్క పెళ్లయి ఢిల్లీ వెళ్లాక ప్రతి వేసవీ వరిగడ్డి పరిచిన బుట్టతో రైలెక్కేదాన్ని. నాగపూర్ దాటాక బెర్తు కింద నుంచి వాసన మొదలయ్యేది. ఆగ్రా వచ్చేసరికి పెట్టెలో వాళ్లందరికీ నేను చుట్టాన్నైపోయేదాన్ని. ఆ ప్రయాణాలంటే నాకిప్పటికీ ప్రాణం. వెళ్తే పదిహేను రోజులకు తక్కువ ఉండేదాన్ని కాదు.

విమానాలొచ్చాక పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడం నేర్చుకున్నాను. పైగా అదేదో ఘనకార్యంలా అందరికీ చెప్పుకునేదాన్ని.

రెండేళ్ల కిందట అక్కకు పెద్ద ఆపరేషన్ అయింది. నెల దాటినా ముద్ద దిగడం లేదు. బావగారు ఫోన్ చేసి, "ఏం పెట్టినా వద్దంటోందమ్మా. నిన్న మాత్రం రసాలొచ్చాయా అని అడిగింది" అన్నారు.

నాన్న అప్పటికే వ్యాపారం మానేశాడు. అయినా తనే తోటకెళ్లి డజను కాయలు ఏరి, అట్టపెట్టెలో గడ్డి వేసి సర్ది, నన్ను ఎయిర్‌పోర్టులో దింపాడు.

మధ్యాహ్నానికి అక్క మంచం పక్కన పెట్టె విప్పాను. ఒక్కటీ పండలేదు. అక్క ఒక కాయ వాసన చూసి, "పర్లేదులేవే" అని గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. బాల్కనీలోకి వెళ్లి నాన్నకు ఫోన్ చేశాను.

"విమానంలో వెళ్తున్నానని తెలుసు కదా నాన్నా. రైలుకి ఏరినట్టు ఏరావేంటి?"

నాన్న, "ఇవాళే పండితే ఇవాళే వచ్చేస్తావు కదమ్మా" అన్నాడు.

అలవాటులో చేసిన పొరపాటును కప్పిపుచ్చుకున్నాడో, అనుకునే చేశాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడిగితే నవ్వేస్తాడు. ఏదైతేనేం, నాకు సిగ్గేసింది. సాయంత్రపు తిరుగు టికెట్ రద్దు చేసి, ఆఫీసుకు సెలవు చెప్పి, కాయల్ని మళ్లీ గడ్డిలో కప్పి మంచం కిందకు తోశాను.

రెండు రోజులు అక్క పక్కనే ఉన్నాను. మూడో రోజు పొద్దున అక్కే నన్ను తట్టి లేపింది. గదంతా మామిడిపండ్ల వాసన. ఒక పండు మెత్తగా పిసికి, ముచ్చిక తీసి చేతికిచ్చాను. టెంక తెల్లబడేదాకా జుర్రుకుంది. మోచేతిదాకా కారిన రసాన్ని తుడవబోతే నా చెయ్యి తోసేసింది.

"ఇంకోటి ఇవ్వవే" అంది.

వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి, ఇంకో పండు కడిగి తెచ్చాను.