నోరు మూసుకుని దంచిన అటుకులు

మా పక్కింటి అయ్యవారు చెడ్డమనిషి అయ్యుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. బడిలో పాఠాలు చెప్పి చెప్పి, వయసు మీదపడ్డాక ఇంటిపట్టున ఉన్న మనిషి. మా మీద అర్జీ పెట్టకముందు మూడుసార్లు మా గడప దాకా వచ్చి బతిమాలారు. అట్లాంటివాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. నేను మాత్రం ఆ కష్టం బాగానే పడ్డాను.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడాది అనుకుంటాను. తిరుపతిలో ఒక సన్నని వీధి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందులో ఒక అద్దె ఇంట్లో అమ్మ, మేనత్త, నేను ఉండేవాళ్లం. నాయన పోయాక వడమాలపేటలో చిన్నాయన ఇంట్లో రెండేళ్లు పడి ఉన్నాం. అక్కడ మేం తినే ప్రతి ముద్దనూ చిన్నమ్మ కళ్లప్పగించి చూసేది. నన్ను కట్టుకున్నాయన గూడూరు వైపు అభ్రకం గనుల్లో పనికని పోయి, ఉత్తరం ముక్క రాయడం కూడా మానేశాడు. చివరికి అమ్మే తెగించి మమ్మల్ని తిరుపతికి తీసుకొచ్చి, అటుకులు కొట్టడం మొదలుపెట్టింది. అలిపిరి నుంచి కొండెక్కే యాత్రికులు అటుకులూ బెల్లమూ మూటకట్టుకుని పోయేవారు. మా సరుకు ఏనాడూ మిగల్లేదు.

ఆ పని చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. నానిన వడ్లను మంగలంలో, అంటే వేపుడు కుండలో, వేయించి, వేడి చల్లారకముందే రోట్లో పోసి దంచాలి. ఆలస్యమైతే అటుకు విరిగి నూకైపోతుంది. అత్తా నేనూ చెరో రోకలి పట్టుకుని ఎదురెదురుగా నిలబడేవాళ్లం. రోకలి కొనకు ఇనుప పొన్ను. ముందు అత్త పోటు, తర్వాత నా పోటు, ఆ వెంటనే అమ్మ చెయ్యి. రోటి పక్కన కూర్చున్న అమ్మ ఆ కాస్త సందులోనే చెయ్యి లోపల పెట్టి, అడుగునున్న వడ్లు పైకి ఎగదోసి, చటుక్కున తీసేసుకునేది. మళ్లీ అత్త పోటు. ఆవిరీ ఊకదుమ్మూ కళ్లల్లో పడతాయని అమ్మ మొహం పక్కకు తిప్పుకునే ఉండేది. రోలు వంక చూసేదే కాదు. పోటు వేసేటప్పుడు మేమిద్దరం "హుం" అని గట్టిగా ఊపిరి వదిలేవాళ్లం. నా గొంతు వినబడితేనే అమ్మ చెయ్యి లోపలికి వెళ్లేది.

అయ్యవారి కూతురు పురిటికి వచ్చాక గొడవ మొదలైంది. మా రోలు మధ్యగోడకు బారెడు దూరంలో ఉంది. పోటు పడ్డప్పుడల్లా అవతల ఉయ్యాల్లో బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చేది. ఆ ఏడుపు వింటూనే మేం దంచేవాళ్లం.

"మీ కూడు చెడగొట్టాలని కాదమ్మా. బిడ్డ కన్ను మూయకుండా ఉండాది. ఆ రోలు ఇంగ యాడన్నా పెట్టుకోండి," అన్నారు అయ్యవారు మూడోసారి వచ్చినప్పుడు.

"యాడ పెట్టుకునేది సామీ? మాకుండేదే ఈ ఒక్క వసారా," అంది అమ్మ.

నాలుగోసారి ఆయన రాలేదు. ఆయన పెట్టిన అర్జీ చేతబట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అతని టోపీ గుమ్మంలో కనబడగానే నేను రోకలి కింద పెట్టేశాను. కాపురాలుండే వీధిలో దంపుడు వ్యాపారం కూడదని అర్జీ వచ్చిందని చెప్పి, ఒక వాయ దంచి చూపమన్నాడు. దంచాం. చివరిదాకా నిలబడి విన్నాడు.

"రోటి సప్పుడు సరే, మీ అరుపులు వీధి మొదట్లోకి ఇనపడతాండాయి కదమ్మా. ఎనిమిది దినాలకు మళ్లా వస్తా. అప్పుడు ఇని, ఉంచొచ్చునో లేదో రాస్తా," అని వెళ్లిపోయాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు ఇంకా భయమేసింది.

ఆ రోజు నుంచి వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు విన్నా గుమ్మంలోకి వెళ్లి తొంగి చూసేదాన్ని. పని ఆగితే ఇల్లు ఖాళీ చెయ్యాలి, చెయ్యగానే వడమాలపేట, మళ్లీ చిన్నమ్మ చూపు. ఊక నింపిన గోనెసంచులు గోడకు ఆనించి చూశాం. ఏమీ తగ్గలేదు. అప్పుడు అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది.

"రాయి నోరు మనం మూయలేం. మన నోరు మూసుకోవచ్చు కదా. రేపట్నుంచి ఇద్దురూ హుం అనాకండి," అంది.

"నీ చెయ్యో అమ్మా?"

"ఇన్నేండ్లు పెట్టినా. నా చేతికి తెలుసులే మే."

అత్త నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. ఇద్దరం అమ్మకు ఎదురు చెప్పలేదు. వద్దని గట్టిగా పోట్లాడి ఉండాల్సింది. ఊరకే చిన్న విషయాలకు అందరి మీదా ఎగిరిపడే దాన్ని, ఆ రోజు మాత్రం బుద్ధిమంతురాలినై కూర్చున్నాను.

రెండు రోజులు గడిచాయి. పెదవి పళ్ల కింద పెట్టుకుని దంచేదాన్ని. నా కళ్లన్నీ అమ్మ వేళ్ల మీదే. మూడో రోజు పొద్దున, రెండో వాయలో, పొయ్యి పొగకు అత్తకు దగ్గు వచ్చింది. దగ్గితే చప్పుడవుతుందని దాన్ని లోపలే మింగింది. ఆ మింగడంలో ఆమె పోటు ఆలస్యమైంది. ఆలస్యంగా పడ్డ ఆ పోటును అమ్మ నాదనుకుంది. చెయ్యి లోపల పెట్టింది. నా రోకలి అప్పటికే దిగుతోంది. చూశాను. ఆపలేకపోయాను.

అమ్మ అరవలేదు. గోడ అవతల బిడ్డ లేస్తుందనుకుందో ఏమో, పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. అరిచింది నేను. అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది అయ్యవారే. భుజం మీది కండువా చింపి అమ్మ చేతికి చుట్టి, జట్కా మాట్లాడి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు వేళ్లు తీసేశారు. మిగిలినవి మళ్లీ వంగలేదు.

ఆ సాయంత్రమే ఆయన అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసిచ్చారు. ఇన్‌స్పెక్టరు చెప్పిన రోజుకే వచ్చి, అభ్యంతరం ఎవరికీ లేదు గనక రోలు అక్కడే ఉంచుకోవచ్చని కాగితం ఇచ్చాడు. ఆ కాగితాన్ని అమ్మ ఎడమచేత్తో అందుకుని పెట్టెలో దాచింది.

నెల గడిచాక వడ్లు నానబెట్టమంది. పొద్దున రోటి పక్కన కూర్చుని ఈసారి ఎడమచెయ్యి చాచింది.

"ఇప్పుడు గొంతెత్తి అరవండి. ఎవురూ ఏమీ అనరు," అంది.

అత్త పోటు వేసింది. నేను రోకలి ఎత్తాను. రోటి అంచున అమ్మ వేళ్లు, అయిదూ. నా చేతులు పైనే ఉండిపోయాయి.

"కొట్టు మే. వడ్లు చల్లారిపోతాండాయి."

కొట్టలేకపోయాను. నేను కూర్చుని చెయ్యి పెడతాను, నువ్వు దంచు అన్నాను. అమ్మ ఆ కుడిచేత్తో రోకలి పట్టుకోబోయింది, అది జారి నేల మీద పడింది. అత్త ఒక్కతే దంచితే వడ్లు చల్లారి నూకైపోతాయి, కూలికి మనిషిని పెట్టుకునే శక్తి మాకు లేదు. అమ్మ తిట్టింది, బుజ్జగించింది, చివరికి ఏడ్చింది. మర్నాడూ ప్రయత్నించాను, ఆ మర్నాడూ. రోకలి తలదాకా లేచేది, అక్కడ ఆగేది. నానిన వడ్లు పులిసిపోయాయి.

వడమాలపేటకు బండి కట్టిన రోజు అయ్యవారు మనవరాలిని ఎత్తుకుని వచ్చి బండి పక్కన నిలబడ్డారు. బిడ్డ ఆయన భుజం మీద హాయిగా నిద్రపోతోంది.

"నా అర్జీ మిమ్మల్ని ఇట్ల వెళ్లగొట్టింది. నన్ను క్షమించు తల్లీ," అని అమ్మతో అన్నారు. పెద్దాయన, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయారు.

అమ్మ నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనే. ఉండొచ్చని రాసిచ్చిన కాగితం పెట్టెలోనే ఉంది, మమ్మల్ని పంపేస్తున్నది మీ అర్జీ కాదు సామీ, నా చేతుల్లోని భయం, అని ఒక్క మాట. నాకు ఆయన మీద ఇంకా కోపం ఉంది, నా మీద నాకు అంతకంటే ఎక్కువ ఉంది. మాట్లాడకుండా బండెక్కి కూర్చున్నాను. మేం ఊరు విడవడం తన పాపమేనని తలుచుకుంటూ ఆయన పోయారని చాలా ఏళ్ల తర్వాత ఆయన కూతురే చెప్పింది. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు.