వెడల్పు రోడ్డు పక్కన మా కాపురం

రాయపూర్‌లోని ఒక ఆర్కిటెక్చర్ కాలేజీలో నేను నగరాల చరిత్ర చెబుతాను. మొహెంజొదారో వీధులు, జైపూర్ బజార్లు, చండీగఢ్ సెక్టార్లు పక్కపక్కనే బోర్డు మీద గీసి, ఎవరు ఎందుకలా కట్టారో వివరించేవాణ్ణి. చివర్లో మా ఊరి పక్కనే కొత్త రాజధానిగా కట్టిన నయా రాయపూర్ గీసేవాణ్ణి. ఆ ప్లాను నాకు నిజంగానే నచ్చేది.

అప్పట్లో పాత ఊళ్లో మోవా అనే పేటలో ఉండేవాళ్లం. ఇరుకు సందు, ముందు గదిలో నా భార్య కుట్టు మిషను. మా ఇద్దరి పెద్దలూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్లే. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు పనయ్యాక కూడా కదిలేవారు కాదు. తెలుగూ హిందీ ఛత్తీస్‌గఢీ కలిసి ఇల్లంతా గోలగా ఉండేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేయడానికి మా వరుస ఇళ్లన్నీ కొట్టేశారు. నయా రాయపూర్‌లో ఫ్లాటు చూశాం. పెద్ద కిటికీ చూసి తనే ముచ్చటపడింది. మిషను అక్కడే వేసుకుని, తలుపుకు బోర్డు కట్టింది. ఎవరూ రాలేదు. మా అంతస్తులో సగం ఇళ్లకు తాళాలే.

ఒక మధ్యాహ్నం నల్లదారం కోసం బయలుదేరిందట. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. ముఖం ఎండకు కందిపోయింది.

“దారం దొరికిందా?”

“ఎక్కడండీ! అంత దూరం నడిచినా ఒక్క దుకాన్ లేదు. దారి అడుగుదామంటే మనిషే లేడు. ఏటండీ ఈ ఊరు?”

“సెక్టారు మార్కెట్ వస్తుంది. ప్లానులో ఉంది.”

“ప్లానులో ఉంటే నాకేటి ఫాయిదా? అందాకా నాను ఎవులితో మాట్లాడాలి?”

జైపూర్ బజారులో కింద అంగడి, పైన ఇల్లు అని ఎన్ని క్లాసుల్లో చెప్పానో! ఇక్కడ ఇళ్లొక చోట, అంగళ్లొక చోట గీశారు. ఆ తేడా ఆమె ముఖం చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు. 

ఒక ఆదివారం ఆటోలో మోవా తీసుకెళ్లాను. మా సందు ఉన్న చోట లారీలు పోతున్నాయి. పక్కింటామె ఎటు వెళ్లిందని అడిగితే ఎవరికీ తెలియదు. “దిగుదామా?” అన్నాను. తల అడ్డంగా ఊపింది.

మిషను ఊరి శివారు బీర్‌గావ్‌లో ఒకామెకు ఇచ్చేశాం. ఇప్పుడు నా భార్య పగలు కూడా తెరలు వేసుకుని పడుకుంటుంది. డాక్టరు మందులు రాశాడు, నలుగురిలో తిప్పమన్నాడు. సాయంత్రం కాగానే నేను చెప్పులు తొడుక్కుని పిలుస్తాను.

“ఎక్కడికండీ?” అంటుంది, గోడవైపు తిరిగి పడుకునే.