మిషను గుర్తుపట్టని ముఖం

జుట్టుకి రంగు వేసుకోబోయి ఉద్యోగానికి ఎసరు తెచ్చుకున్నవాడు చెన్నై మొత్తం గాలించినా నేనొక్కణ్ణే దొరుకుతాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో నేను మాత్రం ఏడ్చాను.

అప్పుడు నేను అంబత్తూరులో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. పని అందరితో సమానం, జీతమూ మర్యాదా సగం. ఆ నెలాఖరుకి మాలో కొందరిని పర్మినెంటు చేస్తారని తెలిసింది. నెలంతా ఒక్క రోజు హాజరు కూడా పోకూడదు, చివర్లో మేనేజరు పిలిచి మాట్లాడతాడు. ఆయన ఏ మీటింగులోనైనా "యంగ్ టీమ్, యంగ్ టీమ్" అని జపం చేసే మనిషి. నాకేమో ముప్పై అయిదేళ్లకే చెవుల పక్కన తెల్లబడి, మీసంలో కూడా వెండితీగలు తేలాయి.

మా వీధి సెలూన్‌లో రంగు రేటు విని, వచ్చిన దారినే బయటికి నడిచాను. వాషర్‌మెన్‌పేట్ మార్కెట్‌లో ఒక బండి మీద నల్లరంగు పొడి లూజుగా అమ్ముతుంటే పొట్లం కట్టించుకున్నాను. దానికి కంపెనీ పేరు లేదు, ఊరు లేదు. చౌకగా మాత్రం ఉంది.

మా ఆవిడ సుగుణ పొట్లం వాసన చూసి మొహం చిట్లించింది. "చెవెనక రవ్వంత రాసి చూడు మామా. రేపు ఏసుకుందువు. ఈడేమన్నా రైలు పోతా ఉండాదా?" అంది.

రవ్వంత చెవి వెనక రాస్తే ఆ రవ్వంత దండగ కాదా? ఆ తెలివితో మొత్తం ఒకేసారి కలిపి తలకి పట్టించాను. గిన్నెలో మిగిలింది పారెయ్యడానికి ప్రాణం ఒప్పక మీసానికి, అక్కడా అయ్యాక కనుబొమలకి కూడా పూశాను. గిన్నె కడగాల్సిన పని కూడా లేకుండా పోయింది.

పొద్దున లేచి కళ్లు తెరవబోతే తెరుచుకోలేదు. వేళ్లతో రెప్పలు ఎత్తి అద్దంలో చూస్తే, నూనెలోంచి అప్పుడే తీసిన పూరీకి మీసం అతికించినట్టుంది. డాక్టరు ఇంజెక్షను పొడిచి, ఆ పొడిని జన్మలో ముట్టుకోవద్దని, వాపు తగ్గేదాకా ఇంట్లోనే ఉండమని చెప్పాడు. ఇంట్లో ఉంటే హాజరు పోతుంది. ఉన్నపళంగా ఫ్యాక్టరీకి పరుగెత్తాను.

మా గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషను ఉంటుంది. మనల్ని గుర్తుపడితే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. నాకు ఎర్రదీపం వెలిగింది. ఎడమకి తిరిగి చూపించాను, కుడికి తిరిగి చూపించాను, బతిమాలాను కూడా. ఎర్రదీపమే. ఇంతలో గేటు కాపలా దొరైసామి లేచొచ్చాడు.

"ఎవురుపా నువ్వు? ఈడ కొత్తోళ్లని ఇడవరు."

"అన్నా, నేను శీనుని."

"శీను నాకు తెల్సుపా. ఆయనకి కండ్లు ఉండాయి."

ఆ మాటకి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుపు గొంతు పోల్చుకుని కాబోలు, నన్ను ఆఫీసుకి తీసుకెళ్లాడు. అక్కడ హాజరు వ్యవహారాలు చూసే హారిక, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, నా కథంతా విని జాలిపడింది. పాత ఫోటో తీసేసి, ఉన్న ముఖాన్నే కొత్తగా ఎక్కించింది. "ఇంక దిగులు పడకండి అంకుల్" అంది. ఇంత నరకం పడి జుట్టు నల్లగా చేసుకున్నది ఆ పిలుపు కోసమా అని లోపల కుమిలిపోయాను. అయినా పచ్చదీపం వెలిగింది, అదే పదివేలు.

కొద్దిరోజులకి వాపు పూర్తిగా తగ్గింది. సుగుణ దిష్టి తీసి పంపింది. పాత ముఖంతో దర్జాగా మిషను ముందు నిలబడ్డాను. ఎర్రదీపం.

హారిక దగ్గరికి పరుగెత్తాను. "మొన్నే మార్చాం కదండీ. సిస్టమ్ నెలకి ఒక్కసారే మార్చనిస్తుంది. ఒకటో తారీఖు దాకా మీరు అలాగే ఉండాలి" అంది.

"అలాగే అంటే?"

"వాచినట్టు."

ఆ అమ్మాయి నవ్వలేదు. మళ్లీ గేటు దగ్గరికి వచ్చి, ఇక అంతా అయిపోయిందని బుగ్గల నిండా గాలి నింపి నిట్టూర్చబోయాను. పచ్చదీపం వెలిగింది.

ఆ రోజు నుంచి నా బతుకు అదే. బుగ్గలు పూరించి, కళ్లు చికిలించి, పై పెదవి ముందుకి తోసి హాజరు వేయించుకోవడం. ఇంట్లో సుగుణ ఎదురుగా కూర్చుని సాధన చేయించేది. సిగ్గు చచ్చిపోయింది, హాజరు మాత్రం ఒక్కటీ పోలేదు.

నెల చివరి రోజు వచ్చింది. ఆ వారమే చేరి, ఆ రోజే మిషనులో ముఖాలు ఎక్కించుకున్న కుర్రకారు నా ముందు వరసలో ఉన్నారు. వరస ఎంతకీ కదలదు. తొంగి చూస్తే ఒక్కొక్కడూ బుగ్గలు పూరించి, కళ్లు చికిలించి మిషను ముందు నిలబడుతున్నాడు. రోజూ నన్ను చూసి, ఈ ఫ్యాక్టరీలో హాజరు వేసే పద్ధతే అది అనుకున్నారు. అందరికీ ఎర్రదీపమే. దొరైసామి తల పట్టుకుని వాళ్లని పక్కకి నెట్టాడు. నా వంతు వచ్చింది. నేను గాలి నింపుకున్నానో లేదో, వరస రోడ్డెక్కిందని తెలిసి మేనేజరు దిగాడు.

"ఎవరు నేర్పారు మీకిది?" అన్నాడు. అన్ని వేళ్లూ నా వైపు తిరిగాయి.

మేనేజరు నా ముఖంలో ముఖం పెట్టి అడుగుతున్నాడు. గాలి వదిలి జవాబు చెబితే హాజరు పోతుంది. వదలకపోతే ఉద్యోగం పోతుంది. ఉబ్బిన బుగ్గలతో, చికిలించిన కళ్లతో ఆయన్ని అలాగే చూస్తూ నిలబడ్డాను. పచ్చదీపం వెలిగాక "నమస్తే సార్" అన్నాను.

మధ్యాహ్నం పిలిచి ఆయన నా వయసు అడగలేదు, పని గురించి అడగలేదు. ఇంట్లో అంతా బాగానే ఉందా అని మెల్లగా అడిగాడు. నా కాంట్రాక్టు ఇంకో ఆరునెలలు పొడిగించారు, గమనిద్దామని.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడం ఏమనగా, పేరులేని పొడి ఇక జన్మలో కొనను. కొన్నా రాసుకోను. ఖర్మకాలి రాసుకున్నా, ఆ ముఖంతో ఫోటో మాత్రం దిగను.