తెరుచుకోలేదని చెప్పిన ఫైలు

పిట్టా, నువ్వు పోయి ఇరవై మూడు రోజులైంది. నీకోసం మన వాకిట్లోకి ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు.

చదివేవాళ్లకు చెబుతున్నాను. పిట్ట అంటే నా బిడ్డ, నేను దాని అవ్వను, అంటే అమ్మను. ఇరవై నాలుగేళ్లది. రోజూ పొద్దున సుల్తానాబాద్‌లో బస్సెక్కి కరీంనగర్ పోయి, అక్కడ ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పనిచేసేది. రక్తం జబ్బు వచ్చి దవాఖానాలో కన్నుమూసింది. ఆ సంగతి తెలియనివాళ్లు ఫ్లాపీ జేబులో వేసుకొని వచ్చి "చెల్లె లేదా?" అని అడుగుతారు. నేను ఫోటో వైపు చూపిస్తాను. పాపం, చేతిలో ఫ్లాపీని ఏం చెయ్యాలో తెలియక అట్లనే నిలబడిపోతారు.

నేను ఐదో తరగతి దాకే చదివాను. రాతలో తప్పులుంటే మన్నించండి.

మా దిక్కు దుబాయికో మస్కట్‌కో మనిషి పోని ఇల్లు తక్కువ. ఈ మధ్య వాళ్ల వీసా కాగితాలు, నౌకరీ కాగితాలు కంప్యూటర్‌లోనే వస్తున్నాయి. వచ్చినవి ఫ్లాపీలోకి దించుకుంటారు. తీరా చూస్తే తెరుచుకోవు. అవి తెరవడమే నా బిడ్డ పని. ఒకనాడు పొద్దున్నే మా వాడకట్టు ఒకాయన పరేషాన్‌గా వచ్చాడు.

"చెల్లే, నా వీసా తెర్సుకుంటలేదు. గా మిషన్ల పురుగు వడ్డదా ఏంది?"

"పురుగు గాదన్నా. దించేటప్పుడు ఫోన్ లైన్ తెగిపోయుంటది. సగమే దిగింది."

"గట్లయితే నేను సగం దుబాయి పోతనా?"

"జర ఆగన్నా. మళ్లా మొదటి నుంచి దించుదాం. నిన్ను నిండుగనే తోలుతా, ఫికర్ జెయ్యకు."

ఆయన నవ్వాడు. నా బిడ్డ ఎవరినీ ఏడుపు ముఖంతో పంపేది కాదు.

ఒక ఆదివారం నన్నూ సెంటర్‌కు తీసుకుపోయింది. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తెరుచుకోని కాగితాన్ని ఎట్లా చూడాలో చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ముందు బరువు చూడాలట. పంపినవాళ్ల దగ్గర ఎంత ఉందో, మన దగ్గర అంతే దిగిందా అని. బరువు సరిపోతే పేరు చివర చుక్క పక్కనుండే తోక చూడాలట. "తోకను చూస్తే ఏ ఇంటిదో తెలుస్తదవ్వా. ఆ ఇంటోళ్లను పిలిస్తెనే తలుపు తీస్తరు" అంది. కొన్నిసార్లు తెరుచుకుంటుంది కానీ అన్నీ పిచ్చిగీతలే కనబడతాయి. తెలుగు కాగితాలతో ఈ గోస మరీ ఎక్కువ. "అక్షరాలు యాడికి పోలే, ఏస్కునే బట్టలు లెవ్వు అంతే" అని నవ్వేది. ఫాంట్లు అంటారట ఆ బట్టలను, వాటిని వేరే ఫ్లాపీలో దాచిపెట్టుకునేది.

మొండికేసిన మిషన్‌ను ఎవరైనా అరచేత్తో కొడితే ఊరుకునేది కాదు. "కొడితే చెప్పది, అడిగితే చెప్తది" అనేది.

నేను ఆ మూడూ మనసులో పెట్టుకున్నాను. బరువు, తోక, బట్టలు. నా బిడ్డ చదువులో ఇంతైనా నాకు అందిందని సంబరపడ్డాను.

వానకాలం నుంచి దానికి జ్వరం విడవలేదు. ఒంటి మీద నీలం మచ్చలు లేచాయి. హైదరాబాద్ తీసుకుపోతే నెత్తురు తీసుకున్నారు. రిపోర్టు కోసం మళ్లీ అంత దూరం రావద్దని, అక్కడ పనిచేసే దాని స్నేహితురాలు కంప్యూటర్‌లో పంపుతానంది. వారం తిరిగేసరికి వచ్చింది.

"రిపోర్టు అచ్చింది గని తెర్సుకుంటలేదవ్వా" అంది నా బిడ్డ, చెప్పులు విడుస్తూ.

"బరువు చూసినవా?" అన్నాను.

అది నా ముఖం చూసి, విడిచిన చెప్పులను పక్కకు సర్దింది. "చూసిన. సగమే దిగింది."

మరునాడు అడిగితే, "మొత్తం దిగింది గని తోక వేరే ఉంది, గది మా తాన తెర్వరాదు" అంది. ఇంకో నాలుగు రోజులకు, "తెర్సుకున్నది గని అన్నీ పిచ్చిగీతలే అవ్వా" అంది. నేను ఒకదాని తర్వాత ఒకటి అడిగాను. అది ఒకదాని తర్వాత ఒకటి జవాబు చెప్పింది. ఊరందరి కాగితాలు తెరిచేదానికి, దానిది దానికే తెరుచుకోకపోవడం ఏమిటని నాకు అనుమానమే రాలేదు. చెప్పులు కుట్టేవాని చెప్పులే తెగి ఉంటాయని సమాధానం చెప్పుకున్నాను.

చివరికి బిడ్డను వెంటబెట్టుకొని ధర్మపురి పోయి నరసింహస్వామికి ముడుపు కట్టాను. కొబ్బరికాయను పసుపు గుడ్డలో చుడుతుంటే అక్కడి అయ్యగారు అడిగాడు.

"ఏం కోరుకున్నవమ్మా? బిడ్డ పెండ్లా?"

"కాదు సామీ. ఫైలు తెర్సుకోవాలె."

ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు. "నలభై ఏండ్ల నుంచి కట్టిస్తున్న గని, గిసొంటి కోరిక ఇన్లే!"

నా బిడ్డ నవ్వలేదు. నా చేతుల్లోంచి గుడ్డ కొసలు తానే అందుకొని ముడి వేసింది.

తర్వాత రెండు నెలలకు పడిపోయింది. కరీంనగర్ దవాఖానాలో డాక్టరు రిపోర్టు అడిగితే, "తెర్సుకుంటలేదు సారూ" అన్నాను. ఆయన నా వైపు ఎట్లా చూశాడో ఇప్పటికీ మరిచిపోలేదు. నాలుగో రోజు నా బిడ్డ పోయింది.

పెద్దకర్మ అయ్యాక, సెంటర్‌లో దాని పక్క సీటు పిల్ల వచ్చింది. తల వంచుకొనే చెప్పింది.

"అమ్మా, గా రిపోర్టు అచ్చిన్నాడే తెర్సుకున్నది. ఒక్కసారికే. అక్క మొత్తం సదివింది. మందు పనిచేసే కాలం దాటిందని డాక్టర్ రాసిండట."

"నీకు ఎర్కేనా? నువ్వు గూడ దాసినవా?"

"ఒట్టు ఏయించుకున్నదమ్మా."

"ఎందుకు? నేను తల్లిని గాదా?"

"అక్కనే అన్నది, మా బాపు పోయినప్పుడు మా అవ్వ ఎనిమిది రోజులు మెతుకు ముట్టలే, గిది తెలిస్తె గా పూట నుంచే తినుడు బంద్ జేస్తది అన్నది. నేనున్నన్ని రోజులన్న నా ఎదురుంగ కూసోని తినాలె అన్నది."

ఆ పిల్లను ఆ రోజు ఇంట్లోంచి వెళ్లగొట్టాను. తప్పే. కానీ నా ఒళ్లంతా మండిపోయింది. నాకు నేర్పిన మూడు మాటలతోనే నా బిడ్డ నన్ను మోసం చేసింది. తెరిచి చదివిన కాగితం కోసం నాతో దేవునికి మొక్కించి, ముడి కూడా తన చేత్తోనే వేసింది. ఆ రెండు నెలలూ నాకు తెలిసి ఉంటే బస్సెక్కనిచ్చేదాన్నా? ఒళ్లో తల పెట్టుకొని కూర్చునేదాన్ని కదా. ఆ రెండు నెలలు నావి. నన్ను అడగకుండా తీసుకుంది.

ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుంటే అది నాకు ముద్దలు కలిపి పెట్టేది. "ఇంకొక్కటి అవ్వా, నా మీద ఒట్టు" అనేది. గారాబం అనుకొని తిన్నాను. "మరి నువ్వు?" అంటే, "సెంటర్ల తిన్న" అనేది. అది కూడా నమ్మాను. రెండు నెలల్లో నేను లావయ్యాను, అది కట్టెపుల్ల అయింది.

దానికి దండం పెట్టాలో, చెంప మీద కొట్టాలో నాకు ఇంకా తెలియడం లేదు. నిన్న అన్నం, పప్పు వండుకున్నాను. నా చేతితో నేనే కలుపుకుంటే ముద్ద పెద్దగా వచ్చింది, నోట్లో పట్టలేదు. దాని చేతి ముద్దలు చిన్నవి. విడదీసి, చిన్నగా చేసుకొని తిన్నాను. మూడు దిగాయి. నాలుగోది చేతిలో పట్టుకొని, చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నాను.

ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా సరే, మీ బిడ్డ "తిన్న" అంటే వెంటనే నమ్మకండి, పక్కన కూర్చోబెట్టుకొని పెట్టండి. మీరూ కడుపునిండా తినండి.