నూట ఇరవై తొమ్మిదో పేజీ

ప్రెస్సులో అతన్ని అద్దమయ్య అనేవారు. సీసపు అక్షరాలు అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి, స్టిక్కు అనే ఇనుప పట్టీలో వరసగా పేర్చడం అతని పని. ముప్పై నాలుగేళ్ళు అదే పని చేసి, తిన్నగా ఉన్న అక్షరాలకంటే తిరగబడ్డవాటినే వేగంగా చదవడం అలవాటైపోయింది. "వీడికి ఉత్తరమొస్తే అద్దం ముందు పెట్టుకుని చదువుకుంటాడు" అని ఫోర్‌మన్ ఏడిపించేవాడు. అతనూ నవ్వేవాడు. పనిలో మాత్రం ఎవరినీ వంక పెట్టనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి రిటైరయ్యాక, మొక్కలకు నీళ్ళు పోస్తూనో, చొక్కా గుండీలు పెట్టుకుంటూనో ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. రెండు లైన్లు గుర్తొచ్చేవి.

అది తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకం. చివరి పాఠం విశ్వం పుట్టుక. రాసింది ఒక స్కూలు టీచరమ్మ. సన్నగా ఉండేది, గొడుగు చంకన పెట్టుకుని ప్రూఫుల కోసం తనే నడిచి వచ్చేది. పని చేసేటప్పుడు అర్థం పట్టించుకుంటే చెయ్యి ఆగిపోతుందని అద్దమయ్య ఏ పుస్తకాన్నీ పట్టించుకునేవాడు కాదు. ఆ పాఠానికి మాత్రం చెయ్యి ఆగింది. మొదట్లో విశ్వమంతా చెప్పలేనంత వేడిగా, ఇరుకుగా ఉండేదట. వెలుగు కూడా సందట్లో చిక్కుకున్న మనిషిలా ఎటూ కదల్లేకపోయేదట. లక్షల ఏళ్ళు చల్లబడ్డాక గానీ దానికి దారి దొరకలేదట. అప్పుడు బయల్దేరిన వెలుగు ఇప్పటికీ అన్ని వైపుల నుంచీ మన మీద పడుతూనే ఉందట. స్టిక్కు చేతిలో పట్టుకుని అలా కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

పొడుగాటి కాగితాల మీద తీసిన ప్రూఫు చదివి, టీచరమ్మ కింద సంతకం పెట్టింది. ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉంది. సంతకం పడ్డాక కామా కూడా కదపకూడదు. పేజీలు కట్టేది ఆ తర్వాతే. కట్టి చూస్తే పుస్తకం నూట ఇరవై ఎనిమిది పేజీలు నిండి, రెండు లైన్లు నూట ఇరవై తొమ్మిదిలోకి జారాయి. మిషను మీద ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీలు ఒక ఫారం. ఆ రెండు లైన్ల కోసం మిషను మీద ఇంకో ఫారం ఎక్కించాలి.

"రెండు లైన్లు వేసి పదిహేను పేజీలు తెల్లగా వదిలేద్దామా? పిల్లలు బొమ్మలేసుకుంటారనా?" అన్నాడు ఫోర్‌మన్. "ఏదో ఒకటి లేపెయ్."

"సంతకం పడిందండీ. లైన్ల మధ్య ఎడం కోసం పెట్టిన రేకులు తీసి సర్దుతాను. గంట పడుతుంది."

"గంటసేపు ఆ మిషను మొహం చూస్తూ కూర్చోమంటావా? పాఠానికి పనికిరానిదేదో చూసి తీసెయ్. నీకు తెలీదా ఏంటి!"

ఆ ఆఖరి మాటకు అద్దమయ్య కొంచెం పొంగిపోయాడు. చివరి పేజీ మీదికి వంగాడు. వేడి గురించిన వాక్యంలో విషయం ఉంది. వెలుగు గురించిన వాక్యంలోనూ ఉంది. ఆఖరి రెండు లైన్లలోనే ఏమీ లేదనిపించింది. "ఆ మొదటి క్షణానికి ముందు ఏముందో, అసలు ముందు అనేది ఉందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. మీలో ఎవరైనా కనుక్కుంటారేమో." తెలియదని చెప్పడానికి ఇంత చోటెందుకు అనుకున్నాడు. వేళ్ళతో ఒత్తి పట్టుకుని పైకి తీశాడు. మిషను కదిలింది.

తీసిన అక్షరాలను మళ్ళీ ఏ గూటివి ఆ గూట్లో వేసేయాలి. వేయలేదు. టీచరమ్మకు ఓ మాట చెప్పి వేద్దామని దారం చుట్టి సొరుగులో పెట్టాడు.

పుస్తకం వచ్చిన నెలకు ఆవిడే వచ్చింది. గొడుగు మూయడం కూడా మర్చిపోయి లోపలికి వచ్చింది.

"చివరి రెండు వాక్యాలూ లేవండీ. నిన్న క్లాసులో ఒకమ్మాయి లేచి, దానికి ముందేముంది టీచర్ అని అడిగింది. పుస్తకంలో రాశాను చూడమ్మా అన్నాను. చూస్తే లేదు."

"మాకొచ్చినదాంట్లో లేవండి." ఫోర్‌మన్ తలెత్తకుండానే అన్నాడు.

"నేను సంతకం పెట్టిన ప్రూఫు ఉంటుందా?"

"అదెప్పుడో తూకానికి పోయింది."

పోలేదు. అద్దమయ్య తల వెనకే, గోడ మేకుకు, ఆ ఏడాది ప్రూఫులన్నిటితో పాటు వేలాడుతోంది. అతను ఒక్క అడుగు పక్కకు జరిగితే చాలు. జరగలేదు. పని మీదున్నట్టు తల వంచుకున్నాడు.

"నాలుగుసార్లు కొట్టేసి రాశాను ఆ ముక్క," అని ఆవిడ తనలో తనే అనుకుంటున్నట్టు అంది. "అయిదోసారి కొట్టేసి, మళ్ళీ రాయడం మర్చిపోయానేమో. నా పనే అయ్యుంటుంది లెండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను."

ఆ పుస్తకం మరో ఆరుసార్లు అచ్చయింది. ఆరుసార్లూ పేజీలు కట్టింది అద్దమయ్యే. చివరి రెండుసార్లయితే ఫోర్‌మన్ కూడా లేడు, అడ్డం చెప్పేవాళ్ళే లేరు. కానీ ఇప్పుడు చేరిస్తే అప్పుడు తీసిందెవరని అడుగుతారు. ఆ భయంతో చేతులు రాలేదు. ఈలోగా కూతురు తొమ్మిదో తరగతికి వచ్చింది.

"నాన్నా, దీనికి ముందు ఏముండేది?"

"మీ సారునడగమ్మా."

"అడిగాను. పుస్తకంలో లేదంటే ఏమీ లేనట్టే, కూర్చో అన్నారు."

కూర్చుందట. ఆ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

చాలా ఏళ్ళకు, అతను రిటైరయ్యాక, ప్రెస్సు మూసేసి సీసమంతా కరిగిస్తున్నారని తెలిసి, తన సొరుగు ఖాళీ చేసుకోవడానికి వెళ్ళాడు. దారం చుట్టిన ఆ ముక్కలు అక్కడే ఉన్నాయి. వాటిని జేబులో వేసుకుని, స్కూల్లో చిరునామా కనుక్కుని, టీచరమ్మ ఉంటున్న మేడ మెట్లు మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కి, ప్రెస్సులో పనిచేసినవాణ్ణని చెప్పుకున్నాడు.

"నా మోకాళ్ళే అనుకున్నా, మీవీ అంతేనా! కూర్చోండి," అందావిడ. చూపు బాగా తగ్గింది. అతను బల్ల మీద పెట్టినదాన్ని చేత్తో తడిమింది. "ఏంటండీ ఇది, చూడబోతే ఇంతే, ఇంత బరువుంది?"

"చదువుతాను, వినండి."

చదివాడు. రెండో లైను సగంలో ఉండగా ఆవిడ చెయ్యి ఆగింది. అతను మొత్తం చెప్పాడు, మేకు సంగతితో సహా.

"ఆ తర్వాత నక్షత్రాల మీద చిన్న పుస్తకం రాయమని అడిగారు నన్ను," అందావిడ. "ఒప్పుకోలేదు. రాసిందేదో, కొట్టేసిందేదో తెలియనిదాన్ని, పిల్లలకేం రాస్తాననుకున్నాను."

"టీచరుగారూ, నన్ను..."

"ఇప్పుడా మాట వద్దులెండి." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి. "గంట పనన్నారు కదూ?"

"గంటేనండి."

"క్లాసులో అడిగిన ఆ అమ్మాయికి, నేనే ఏదో పొరబడ్డానమ్మా, ఇంక వదిలెయ్ అని చెప్పాను," అంది. సీసపు ముక్కల్ని దగ్గరికి జరుపుకుని, "ఇవి ఇక్కడ ఉంచి వెళ్ళండి," అంది.

తిన్నగా కూతురింటికి వెళ్ళాడు. ఆమె దండెం మీంచి బట్టలు తీసి మడతపెడుతోంది.

"అమ్మా, అప్పుడడిగావు కదా, విశ్వం మొదలయ్యే ముందు ఏముండేదని. ఎవరికీ తెలియదమ్మా. ఇంకా కనుక్కోలేదు. ఆ మాట పుస్తకంలో ఉండేది, నేనే తీసేశాను."

కూతురు చేతిలో దుప్పటి పట్టుకుని అతని మొహంలోకి చూసింది.

"నేనడిగానా? ఎప్పుడు నాన్నా?"

అతను దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ కలిసి మడతపెట్టారు.