గట్టు పక్క సాలు

ఆదివారం సాయంత్రం అయ్యేసరికి నా గొంతు పూడుకుపోయేది. ఆయన పోయాక గుంటూరులో ఇల్లు ఖాళీ చేసి, బడికి దగ్గరగా ఉంటుందని సత్తెనపల్లిలో మేడ మీద ఒంటి గది అద్దెకు తీసుకున్నాను. మాకు పిల్లలు లేరు. శనివారం బడి వదిలాక పాల అబ్బాయితో "అర లీటరు" అనడం తప్ప సోమవారం దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. సోమవారం పొద్దున ఆటో ఎక్కి ఊరి పేరు చెబితే, ఎవరో జ్వరం మనిషి మాట్లాడినట్టు వినిపించేది.

బడిలో మాటలకు కొదవ లేదు. కాకపోతే మాట్లాడే వాళ్ళంతా పదేళ్ళ లోపు వాళ్ళు. ఏకోపాధ్యాయ పాఠశాల అని కాగితాల మీద గౌరవంగా రాస్తారు. అంటే హెడ్మాస్టరూ నేనే, అసిస్టెంటూ నేనే, గంట కొట్టేదీ నేనే. పెద్దవాళ్ళ మొహం చూడాలంటే మధ్యాహ్న భోజనం వండే ఆవిడ రావాలి. ఆవిడైనా వస్తూనే "ఎంతమందండీ ఇయ్యాల?" అని వాకిట్లోంచే కేకేసి, జవాబు వినగానే పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయేది. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న బాక్సు లోపల కుర్చీలో కూర్చుని తినేదాన్ని.

నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బడి వదిలినా ఇంటికి పోయేది కాదు. వాళ్ళమ్మ కూలికి వెళ్ళి పొద్దుగూకితే గానీ రాదు, ఇంట్లో ఇంకో మనిషి లేదు. నాకు మాత్రం గదికి పరిగెత్తి చేసేదేముంది? ఆటో వచ్చేదాకా ఇద్దరం బడి మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఎవరి గేదె ఈనిందో, చర్చిలో పాట పాడుతూ ఎవరు మధ్యలో మరిచిపోయారో, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. నా రోజు మొత్తంలో బాగుండేది ఆ కాసేపే. ఈ సంగతి నాకు అప్పుడే తెలుసు.

వానలు మొదలైన కొత్తలో వాళ్ళమ్మ పనిలోకి పోతూ పోతూ బడి దగ్గర ఆగింది.

"టీచర్ గారూ, దీని చేత గురుకులం పరీక్ష రాయించండి. వచ్చే ఏటి నుంచి మేస్త్రి ఎంటబడి వేరే ఊళ్ళకి పోతన్నానండి, మిరప కోతలకి. నెలల తరబడి ఆడే ఉండాల. సీటొస్తే హాస్టల్లో ఏస్తా. రాకపోతే నాతోపాటే తీసుకుపోతా. ఆడపిల్లని ఒక్కదాన్నే ఇంటికాడ ఎట్టా వదిలేదండీ?"

రాయిస్తానన్నాను. ఆవిడ వెళ్ళాక కూర్చుని ఆలోచిస్తే దిగులేసింది. పరీక్ష గట్టెక్కితే హాస్టలుకు పోతుంది, తప్పితే చేలకు పోతుంది. ఎటు తిప్పినా నా మెట్ల మీద ఉండదు. ఒక దారిలో మాత్రం దానికి చదువు మిగులుతుంది. నాకు ఏడుపొచ్చినా సరే, ఆ దారే పట్టించాలి.

తెలుగు గడగడా చదివే పిల్లే. చిక్కంతా ఎక్కాలతోనే. ఆరో ఎక్కం చెప్పమంటే "ఆరొకట్ల ఆరు, ఆర్రెళ్ళు పన్నెండు" దాకా వచ్చి, ఆ తరువాత పైకప్పు కేసి చూసేది. పుస్తకాలు ఇంగ్లీషు మీడియానివి కదా అని "సిక్స్ టూస్ ఆర్ ట్వెల్వ్" అనిపించాను. అప్పుడు ఇంగ్లీషులో పైకప్పు కేసి చూసింది.

అదే రోజుల్లో మాకు శిక్షణ తరగతులు పెట్టారు. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారట, కొందరు వినీ, కొందరు చేతులతో చేసీ నేర్చుకుంటారట. నా పక్కన కూర్చున్న మాస్టారు, "మనం మాత్రం వీపుతో నేర్చుకున్నాం" అన్నాడు. నేనూ నవ్వాను. ఇన్నేళ్ళు పిల్లల మధ్య ఉన్నదాన్ని, నాకు ఒకరు చెప్పాలా అని పొగరు కూడా ఉంది. అయినా ఆ పిల్ల గుర్తొచ్చి, చెప్పిందంతా చెవిన వేసుకునే వచ్చాను.

మర్నాటి నుంచి మా బడి తిరునాళ్ళయింది. ఒకడు ఆదివారం బడి పాట వరసలో మూడో ఎక్కం అందుకుని వారంలో ఏడో ఎక్కం దాకా పాడేశాడు. ఇంకొకతె తొక్కుడుబిళ్ళ గళ్ళలో నాలుగేసి అంకెలు దూకుతూ నాలుగో ఎక్కం పట్టేసింది. నా నాలుగో తరగతి పిల్ల పాటా పాడింది, దూకనూ దూకింది. పాట మొత్తం వచ్చింది, అంకెలే రాలేదు.

చివరికి ఒక సాయంత్రం మెట్ల కింద ఇసకలో చింతపిక్కలు పోసి కూర్చోబెట్టాను. బడి పక్క చేలో అప్పుడే మిరప నాటడానికి అచ్చు తోలుతున్నారు. నిలువునా అడ్డంగా చేనంతా గీతలు పడితే, గీతలు కలిసిన చోటల్లా ఒక మొక్క నాటుతారు. అది చూసి, "ఇది మన మిరప చేననుకో. సాలుకి ఆరు మొక్కలు. నాలుగు సాళ్ళు పెట్టు" అన్నాను.

పిక్కలు ఎంత ముచ్చటగా పేర్చిందో! ఎటు నుంచి చూసినా గీత గీసినట్టున్నాయి.

"మొత్తం మిరప మొక్కలెన్ని?"

"పద్ధెనిమిది."

సరిగ్గా లెక్కపెట్టమన్నాను. వేలు పెట్టి లెక్కించి మళ్ళీ పద్ధెనిమిదే అంది. అయిదు సాళ్ళు అయిదేసి పెట్టిస్తే ఇరవై అంది. మూడు సాళ్ళు ఏడేసి పెట్టిస్తే పధ్నాలుగంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "కళ్ళు నెత్తికెక్కాయా? ఎదురుగా కనబడుతున్నవి లెక్కపెట్టలేవూ?" అని కేకలేశాను. అది ఏడవలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నేనేదో అన్యాయం మాట్లాడినట్టు చూసింది. ఆ చూపుకు తగ్గి, ఇంకొక్కసారి లెక్కపెట్టమని దాని వేలినే చూస్తూ కూర్చున్నాను. వేలు ప్రతిసారీ రెండో సాలు నుంచే మొదలవుతోంది.

"మొదటి సాలు ఎందుకు వదిలేశావే?"

"అది గట్టు పక్క సాలు కదా టీచర్. జొన్నది. మీరు మిరప మొక్కలేగా అడిగారు?"

మా వైపు మిరప చేనుకి గట్టు వెంట ఒక సాలు జొన్న వేస్తారు. తెగులు మోసుకొచ్చే పురుగు ముందు దాని మీద ఆగుతుందని. కాయ కోసే ఆడవాళ్ళు మనిషికో సాలు పట్టేటప్పుడు ఎవరూ ఆ సాలు పట్టరు. అమ్మ వెనకాల చేలల్లో పెరిగిన పిల్లకి గట్టు పక్కన మిరప మొక్క ఉంటుందంటే ఎలా నమ్మకం కుదురుతుంది? ఎంత నవ్వానంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. నేను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ పిల్ల బెదిరిపోయి, "ఏమైంది టీచర్?" అని నా భుజం పట్టుకుంది.

దాని నమ్మకం చెడగొట్టబుద్ధి కాలేదు. గులకరాళ్ళు ఏరి తెచ్చి ఒక అంచున వరసగా పెట్టాను. "ఇదుగో జొన్న సాలు. ఇక లోపలున్నదంతా మిరపే" అన్నాను. మొదటి నుంచి లెక్కపెట్టి "ఇరవై నాలుగు" అంది. ఆ రోజు నుంచి ముందు రాళ్ళు, ఆ తరువాత పిక్కలు. చేతికి అలవాటైన లెక్క చలికాలం వచ్చేసరికి నోటికీ వచ్చేసింది. పలక మీద లెక్క చేసేటప్పుడు మాత్రం పక్కన సన్నంగా ఒక గీత గీసుకునేది.

అప్పుడే ఒక మధ్యాహ్నం వంటావిడ ఎప్పటిలాగే ఎంతమందని కేకేసింది. పిల్లల్ని లెక్కపెట్టి చెప్పి, నా బాక్సు తీసుకుని లోపలికి పోతున్నాను. ఆ పిల్ల చేతిలో పళ్ళెంతో అడ్డం వచ్చి, "టీచర్, మీరు రాళ్ళ సాలా?" అంది.

"ఏం?"

"మిమ్మల్ని లెక్కేసుకోరుగా."

నవ్వి, నెత్తి మీద చిన్నగా మొట్టి లోపలికి వెళ్ళాను. బాక్సు తెరిచి, మళ్ళీ మూత పెట్టేశాను.

పరీక్షనాడు వాళ్ళమ్మకు కోతలు వదిలి వచ్చే వీల్లేకపోయింది. నేనే సత్తెనపల్లి తీసుకొచ్చాను. దారి పొడుగునా కల్లాల్లో ఎండు మిరపకాయలు, ఆటోలో అందరం ఒకటే తుమ్ములు. లోపలికి పంపి, గేటు బయట ఎండలో నిలబడ్డాను. బయటికి రాగానే చెయ్యి ఊపుతూ, "ప్రతి లెక్కకీ ముందు గట్టు గీసుకున్నా టీచర్!" అని అందరూ వినేలా అరిచింది. అక్కడున్న తల్లులు ఏమనుకున్నారో గానీ, నాకు సీటు వచ్చేసినట్టే అనిపించింది.

వచ్చింది. వాళ్ళమ్మ సంచి నిండా ఎండుమిరపకాయలు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, "మీ చలవేనండీ" అని కళ్ళు తుడుచుకుంది. సంతోషించాను. గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. రెండూ మనస్ఫూర్తిగానే.

వేసవి సెలవుల తరువాత బడి తెరిచాం. మొదటి రోజు మధ్యాహ్నం పిల్లలు వరండాలో పళ్ళేలు ముందేసుకుని కూర్చున్నారు. మూడు వరసలు, వరసకు నలుగురు. వంటావిడ వాకిట్లోంచి కేకేసింది.

"ఎంతమందండీ ఇయ్యాల?"

పన్నెండని నోటి దాకా వచ్చింది.

"పదమూడు" అన్నాను.

ఆవిడ తొంగి చూసింది. "పన్నెండు మందేగా అండీ కనబడేది?"

"నేనూ తింటాను."

పళ్ళెం తీసుకుని, నిరుడు ఆ పిల్ల కూర్చున్న వరస చివర గోడ పక్కన కూర్చున్నాను. టీచరు కింద కూర్చునేసరికి పిల్లలు సిగ్గుపడి మాటలు ఆపేశారు. నా పక్కనున్న వాడు మెల్లగా తన పళ్ళెం జరుపుకుని, మా ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలాడు. ఆవిడ అన్నం వడ్డిస్తూ వచ్చి ఆ ఖాళీ దగ్గర ఒక్క క్షణం ఆగి, నా పళ్ళెంలో వడ్డించింది.