మామ సంతకం పెట్టిన ఆ ఒక్క తుపాకి

మా వీధి చివరింటి మామ పోయాడని పోయిన నెల ఒక పొద్దున పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. నేను గడ్డం గీసుకుంటున్నాను. సగం గడ్డంతోనే పరుగెత్తాను. వెళ్ళేసరికి మా నెల్లితోపులో ఉండే పాత పోలీసు దళం వాళ్ళు సగంమంది ఆ ఇంటి ముందే ఉన్నారు.

ఆయన నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ మామే. పోలీసు ఆయుధశాలలో ఆర్మరర్‌గా చేశాడు. తుపాకులు విప్పి చూసి, ఏది పనికొస్తుందో ఏది రాదో తేల్చి సంతకం పెట్టడం ఆయన పని. నేను అదే దళంలో కానిస్టేబుల్ని.

ఏదైనా తుపాకి గురి తప్పకుండా కాలిస్తే మేమంతా మురిసిపోయేవాళ్ళం. మామ మాత్రం, "ఈ దినం బాగా కాల్చింది, సరి. పదేండ్లకు ఎట్లుంటాదో చెప్పు" అనేవాడు. నడి ఎండల్లో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి చూడనిదే సంతకం పెట్టడు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు. తేమకు తుపాకి కట్టె ఉబ్బి బారెల్‌ను నొక్కితే గురి పక్కకు జరుగుతుంది. గుండును లోపలికి తోసే బోల్టును పదేపదే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వినేవాడు. అందులో ఏం వినిపించేదో మాకెవ్వరికీ అంతు పట్టలేదు.

ఆ తర్వాత చేసే పనికి అందరం నవ్వేవాళ్ళం. తుపాకి పక్కన పెట్టి, దాన్ని వాడే మనిషిని పిలిపించి, చేతులు చాపమని గోళ్ళు చూసేవాడు.

"ఇనుముదేముందిరా! తుడిచేవాడు ఎట్లాంటోడో చూడాల. ఆడ ఉండాది దాని ఆయుస్సు."

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెబ్బైల చివర, నా గోళ్ళు కూడా చూశాడు. "శుభ్రంగా ఉండావు అబ్బయా. నీ చేతిలో ఇది ఇరవై ఏండ్లు నడస్తాది" అని, పాతదే అయినా ఒక త్రీనాట్‌త్రీ మీద సంతకం పెట్టి నాకిచ్చాడు. ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో!

ఇక నేను చేసింది చెప్పాలి. ఒక రోజు ఫైరింగ్‌కు ముందు బారెల్ తుడుస్తుంటే, గుడ్డను లాగే తాడు తెగింది. కడ్డీతో పొడిచి ఓ గుడ్డ ముక్క బయటికి లాగాను. అంతా వచ్చేసిందనుకున్నాను. అవతల మమ్మల్ని తీసుకెళ్ళే లారీ హారన్ కొడుతోంది. వెలుతురుకు ఎత్తి లోపలికి ఒక్కసారి చూస్తే సరిపోయేది, చూడలేదు. లోపల మిగిలిన గుడ్డ అడ్డుపడి, మొదటి గుండుకే బారెల్ ఉబ్బి చీలింది. నా ఎడమ అరచెయ్యి చీరుకుపోయింది.

సాయంత్రం మామ ఆస్పత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడే అడిగాడు.

"తుడిచినాక లోపల చూసినావా?"

"చూసినాను మామా."

అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నిర్లక్ష్యం అని ఒక్క మాట రాస్తే ఇంటికి పంపేస్తారు. ఆ భయంలో అన్న అబద్ధం అది. మామ నా కట్టు వైపు కాసేపు చూసి, "సరి, పండుకో" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రిపోర్టులో, బారెల్ అరిగిపోయిందనీ, తాను సరిగ్గా చూడకుండా సంతకం పెట్టాననీ రాశాడు. ఆయన్ని ఆయుధశాల నుంచి తీసేసి యూనిఫారాల గదిలో వేశారు. రిటైరయ్యేదాకా కంబళ్ళకు కలరా ఉండలు వేసుకుంటూ గడిపాడు. "ఏం మామా, నీ ఇరవై ఏండ్ల తుపాకి యాడ?" అని హెడ్డు కానిస్టేబులు ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవాడు. పక్కనే ఉన్న నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. తిన్నె మీద కూర్చుని వానల గురించీ, బాహూరు చెరువు నిండిన సంగతీ మాట్లాడుకునేవాళ్ళం. తుపాకి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయనకు తెలియదనే అనుకున్నాను. అరిగిన బారెల్ ఎట్లా ఉంటుందో, లోపల అడ్డుపడి ఉబ్బిన బారెల్ ఎట్లా ఉంటుందో ఆయన కంటే తెలిసినవాడు ఆ ఊళ్ళో ఇంకెవరు?

శవం లేచే ముందు కూడా ఎవరో అన్నారు, "ఎన్ని తుపాకులు చూసినాడో, ఒక్కదాంట్లోనే తప్పినాడు" అని. నేను వెళ్ళి పాడె పట్టుకున్నాను. మామా, తుపాకిని నువ్వు సరిగ్గానే అంచనా వేశావు. నువ్వు తప్పింది నా విషయంలో. ఇదంతా తెలుగులో రాస్తున్నాను గానీ, బళ్ళో అరవమే చదువుకున్న మా ఇళ్ళల్లో చాలామందిలాగే ఆయనకూ తెలుగు చదవడం రాదు. నోటితో చెప్పి ఉండాల్సింది.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్త కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె ఏడవలేదు, కోప్పడనూ లేదు.

"ఆ దినమే చెప్పినాడు నాకు. నువ్వొచ్చినప్పుడంతా కాఫీ పెట్టమని నన్ను లోపలికి పంపించేది దేనికనుకున్నావు నాయనా? ఎవురూ లేకుంటే నోరు తెరుస్తావేమోనని."

అని, లేచి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తిన్నె మీద నేనొక్కణ్ణే మిగిలాను.